ఎడ్మంటన్ ఆటల చరిత్ర: గ్రెట్స్‌కీ కాకుండా ఇంకేముంది?

ఉత్తరదిక్కు:
ఐస్ హాకీ థ్రెడ్‌లో ఎడ్మంటన్ (కెనడాలో అల్బెర్టా ప్రావిన్స్ ఊరు) మాట వచ్చినప్పుడల్లా ఆ ఊరి టీమ్ ఆయిలర్స్ స్టార్లు గ్రెట్స్‌కీ, మెక్‌డేవిడ్ దగ్గరే ఆగిపోతున్నాం. అందుకని దీన్ని విడిగా తెరుస్తున్నా. నా ప్రశ్నలు మూడు. గ్రెట్స్‌కీకి ముందు ఈ ఊళ్లో చెప్పుకోదగ్గ టీమ్ ఉందా? 80లలో ఆయిలర్స్ అన్నన్ని గోల్స్ ఎలా కొట్టారు? అక్కడి ఐస్‌కి అంత పేరెందుకు? ఏళ్లు, స్కోర్లు సరిచూసుకుని రాయండి. ‘ఎక్కడో చదివా’ అనే పోస్టులు వద్దు.

పాతపేపర్లు:
మొదటి ప్రశ్నకి జవాబు గ్రాడ్స్. హాకీ కాదు, ఆడవాళ్ల బాస్కెట్‌బాల్.

మెక్‌డూగల్ కమర్షియల్ హైస్కూల్లో పెర్సీ పేజ్ అనే టీచర్ 1915లో అమ్మాయిల టీమ్ తయారుచేశాడు. ఆ ఏడే ప్రావిన్స్ ఛాంపియన్‌షిప్ గెలిచారు. చదువు అయిపోయినా ఆట మానేది లేదని అమ్మాయిలు పట్టుబట్టడంతో పాత విద్యార్థుల క్లబ్ పెట్టారు. ‘కమర్షియల్ గ్రాడ్యుయేట్స్’ జనం నోట్లో గ్రాడ్స్ అయింది. 1940 వరకూ ఆడారు. మామూలుగా అచ్చయ్యే లెక్క 502 గెలుపులు, 20 ఓటములు. మధ్యలో ఒకసారి వరసగా 147 మ్యాచ్‌లు గెలిచి, ఒకటి ఓడి, మళ్లీ 78 గెలిచారు.

పేజ్ పద్ధతే అసలు విషయం. బయటి నుంచి స్టార్లని తేలేదు. స్కూల్ జూనియర్లు, స్కూల్ సీనియర్లు, గ్రాడెట్స్, ఆపైన గ్రాడ్స్. కింది నుంచి పై దాకా అన్ని టీమ్‌లదీ ఒకటే ఆట, అవే పాస్‌లు. పైన ఒకమ్మాయి తప్పుకుంటే కింది నుంచి వచ్చేది కొత్తగా నేర్చుకోవాల్సింది చాలా తక్కువ. ప్రాక్టీస్ వారానికి రెండుసార్లే. ఆడేవాళ్లంతా టైపిస్టులు, గుమాస్తాలు, టీచర్లు. జీతం లేదు. పెళ్లైతే టీమ్‌లోంచి బయటికే. పాతికేళ్లలో మొత్తం ఆడింది 38 మందే అంటే ఎంత ఆచితూచి తీసుకునేవారో చూడండి.

లెక్కలరాయుడు:
502–20 దగ్గర ఒక హెచ్చరిక. పాత పత్రికలు తిరగేసి మ్యాచ్ మ్యాచ్‌కీ లెక్కేసిన చరిత్రకారులకి మొత్తం ఇంతకంటే తక్కువ తేలింది. గెలుపు శాతం మాత్రం ఎటు లెక్కేసినా 90 దాటుతుంది. ఎక్కడైనా ఈ అంకె రాస్తే ‘ప్రచారంలో ఉన్న లెక్క’ అని రాయండి, సరిపోతుంది.

గుంటూరు_గోలీ:
వాళ్లకి ఒలింపిక్ మెడల్ ఎందుకు లేదు మరి?

పాతపేపర్లు:
ఆడవాళ్ల బాస్కెట్‌బాల్ ఒలింపిక్స్‌లోకి వచ్చిందే 1976లో. గ్రాడ్స్ 1924 నుంచి 1936 దాకా ఒలింపిక్స్ జరిగిన వేళల్లో వెళ్లి ఆడినవన్నీ ప్రదర్శన మ్యాచ్‌లు. 27 ఆడి 27 గెలిచారు, మెడల్ సున్నా.

ఇంకోటి, అప్పట్లో రూల్సే రెండు రకాలు. ఆడవాళ్ల రూల్స్ అంటే ఆరుగురు, ఎవరి గడిలో వాళ్లే ఉండాలి. గ్రాడ్స్‌కి అలవాటైనవి మగవాళ్ల రూల్స్: ఐదుగురు, కోర్టంతా పరుగు. 1922లో దేశ ఛాంపియన్‌షిప్‌కి ఒంటారియోలోని లండన్ షామ్‌రాక్స్ మీదికి వెళ్లినప్పుడు ఒక మ్యాచ్ ఒక రూల్‌తో, రెండోది ఇంకో రూల్‌తో ఆడారు. తమ రూల్స్‌లో చిత్తుగా కొట్టారు, అవతలివాళ్ల రూల్స్‌లో ఓడారు. రెండూ కలిపి 49–29తో కప్పు వీళ్లదే. మరుసటేడు క్లీవ్‌లాండ్ టీమ్‌ని ఓడించి అండర్‌వుడ్ ట్రోఫీ పట్టారు. అండర్‌వుడ్ అంటే ఆ టైప్‌రైటర్ కంపెనీయే. టైపింగ్ నేర్పే స్కూల్ టీమ్‌కి అంతకంటే తగిన ట్రోఫీ ఏముంటుంది!

ఆటగత్తెల్లో ఒక్కపేరు గుర్తుపెట్టుకోవాలంటే నోయెల్ మెక్‌డొనాల్డ్. సెంటర్. 1938లో కెనడా ఉత్తమ క్రీడాకారిణి. 1940లో యుద్ధ శిక్షణకని గ్రాడ్స్ ఆడే అరీనాని వాయుసేన తీసుకుంది, టీమ్ అక్కడితో ఆగింది. పేజ్ తర్వాత అల్బెర్టాకి లెఫ్టినెంట్ గవర్నర్ కూడా అయ్యాడు.

మూడోడౌన్:
గ్రాడ్స్ తర్వాత ఆయిలర్స్‌కి దూకకండి, మధ్యలో కెనడా ఫుట్‌బాల్ (బంతిని చేత్తో విసిరే ఆట) ఉంది. 1954, 55, 56 గ్రే కప్పులు (ఆ ఆటలో దేశ ఛాంపియన్‌షిప్) వరసగా ఎడ్మంటన్‌వే. 1978 నుంచి 1982 దాకా వరసగా ఐదు. ఆ ఐదు వరస ఇంకెవ్వరికీ లేదు. టీమ్ పాత పేరు ఎస్కిమోస్. ఇన్యూట్ జనాన్ని కించపరిచే మాట అని 2020లో వదిలేశారు. 2021 నుంచి ఎల్క్స్.

అమెరికన్ ఫుట్‌బాల్ మాత్రమే చూసినవాళ్లకి: కెనడాలో మైదానం 110 గజాలు, ఆటగాళ్లు 12 మంది, 10 గజాలు దాటడానికి డౌన్లు (ప్రయత్నాలు) మూడే. అక్కడ 100 గజాలు, 11 మంది, నాలుగు డౌన్లు. ఒక డౌన్ తగ్గితే పరుగుతో నెట్టుకురావడం కష్టం, బంతి విసరక తప్పదు. వారెన్ మూన్‌కి ఇది బాగా కలిసొచ్చింది. 1978లో అమెరికా లీగ్ డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే పద్ధతి) ఒక్క టీమూ అతన్ని తీసుకోలేదు. నల్లజాతి కుర్రాడు క్వార్టర్‌బ్యాక్‌గా (బంతి విసిరి ఆట నడిపేవాడిగా) పనికిరాడన్న మూఢత్వం. ఎడ్మంటన్ తీసుకుంది. మొదట్లో టామ్ విల్కిన్సన్‌తో పంచుకుంటూ ఆడాడు. 1983లో ఒక్క సీజన్‌లో 5,648 గజాల పాసింగ్. తర్వాత రెండు దేశాల హాల్ ఆఫ్ ఫేమ్‌లలోనూ చేరాడు.

ఒక్క మ్యాచ్ చూడాలంటే 1981 గ్రే కప్ చూడండి. సీజన్‌లో 5 గెలుపులు, 11 ఓటములు ఉన్న ఒట్టావా హాఫ్‌టైమ్‌కి ఎడ్మంటన్ మీద 20–1తో ముందుంది. ఆ ‘1’ ఏమిటంటే, కిక్ చేసిన బంతిని అవతలివాళ్లు ఎండ్‌జోన్‌లోంచి (మైదానం చివరి పట్టీ) బయటికి తేలేకపోతే ఒక పాయింట్. కెనడా రూల్. చివరికి డేవ్ కట్లర్ ఫీల్డ్‌గోల్‌తో (బంతిని పోస్టుల మధ్యకి తన్నడం) ఎడ్మంటన్ 26–23తో గెలిచింది.

ఉత్తరదిక్కు:
బాగుంది. ఇక రెండో ప్రశ్న. ఆయిలర్స్ గోల్స్.

నీలిగీత:
1981–82 నుంచి వరసగా ఐదు సీజన్లు 400 గోల్స్ దాటారు: 417, 424, 446, 401, 426. ఆ 446 ఇప్పటికీ లీగ్ రికార్డే. కారణం గ్రెట్స్‌కీ ఒక్కడే అనుకుంటే సగమే చూసినట్టు.

1979లో పాత ప్రత్యర్థి లీగ్ మూతపడి నాలుగు టీమ్‌లు ఎన్‌హెచ్‌ఎల్‌లోకి (ఉత్తర అమెరికా ప్రధాన హాకీ లీగ్) వచ్చాయి. అప్పుడు ఆయిలర్స్ చేతిలో నిలిచింది గ్రెట్స్‌కీ. మిగతాది డ్రాఫ్ట్. స్కౌట్ బ్యారీ ఫ్రేజర్ మూడేళ్లలో పట్టినవాళ్లు వీళ్లు. 1979లో కెవిన్ లో 21వ పిక్, మార్క్ మెసియే 48, గ్లెన్ ఆండర్సన్ 69. 1980లో పాల్ కాఫీ 6, యారి కుర్రి 69, ఆండీ మూగ్ 132. 1981లో గోలీ గ్రాంట్ ఫ్యూర్ 8. ఇందులో మెసియే ఎడ్మంటన్ వాడే, ఫ్యూర్ పక్కనున్న స్ప్రూస్ గ్రోవ్ వాడు. 69వ పిక్‌లో రెండేళ్లు వరసగా హాల్ ఆఫ్ ఫేమ్ ఆటగాళ్లు! ఇంకే టీమ్‌కీ ఇలా కుదరడం నేను చూళ్లేదు.

ఆట తీరు: అప్పట్లో ఉత్తర అమెరికా పద్ధతిలో వింగర్ (అంచున ఆడే దాడి ఆటగాడు) తన గోడ వెంటే పైకీ కిందకీ పోయేవాడు. కోచ్ గ్లెన్ సేథర్ యూరప్ ఆటని తెచ్చాడు. వింగర్లు అడ్డంగా దాటుకుంటూ పోవడం, పక్‌ని (హాకీ రబ్బరు బిళ్లని) ఊరికే ముందుకి కొట్టి వెంటపడకుండా దగ్గరే ఉంచుకోవడం, డిఫెన్స్ ఆటగాడు కాఫీ కూడా దాడిలో నాలుగోవాడిగా చేరడం. దీనివల్ల వెనక ఖాళీ అయ్యేది. ఒంటరిగా దూసుకొచ్చే షాట్లని ఫ్యూర్ ఆపుతాడన్న ధీమాతోనే అంత తెగింపు. అతని గణాంకాలు మామూలుగా కనిపించేది కూడా అందుకే.

గుంటూరు_గోలీ:
గ్రెట్స్‌కీ గోల్ వెనక నిలబడేవాడంటారు. దానివల్ల లాభమేంటి? అక్కణ్నుంచి గోల్ కొట్టలేం కదా.

నీలిగీత:
కొట్టడానికి కాదు తమ్ముడూ, పాస్ ఇవ్వడానికి. గోలీ వెనక్కి చూస్తే ముందున్న షూటర్ కనపడడు, ముందుకి చూస్తే పక్ కనపడదు. డిఫెన్స్‌వాడు వెనక్కి వెళ్లి పట్టుకోబోతే గోల్ ముందు ఖాళీ. వెళ్లకపోతే గ్రెట్స్‌కీకి తీరిక. నెట్టే అతనికి అడ్డుగోడ: ఎడమనుంచి వస్తే కుడికి జారతాడు. గోల్ వెడల్పు 1.83 మీటర్లే కాబట్టి రెండు అంగల్లో అటు తేలతాడు. ముందు కుర్రి ఆగకుండా ఒక్క దెబ్బలో కొట్టేవాడు. ఆపి కొడితే ఈ ఎత్తు పారదు, ఆ సెకనులో గోలీ తిరిగి సర్దుకుంటాడు.

లెక్కలరాయుడు:
గ్రెట్స్‌కీ అంకెలు ఇక్కడ పెడుతున్నా. పాయింట్లు అంటే గోల్స్, అసిస్ట్‌లు (గోల్‌కి దారితీసిన పాస్‌లు) కలిపి. 1981–82: 92 గోల్స్, 212 పాయింట్లు. 1985–86: 215 పాయింట్లు. 39 మ్యాచ్‌ల్లో 50 గోల్స్: 38వ మ్యాచ్‌లో నాలుగు, 1981 డిసెంబర్ 30న 39వ మ్యాచ్‌లో ఫిలడెల్ఫియా మీద ఐదు. ఆ ఐదోది ఖాళీ నెట్‌లోకి. అంతకుముందు రికార్డు 50 మ్యాచ్‌ల్లో 50. మొత్తం గోల్స్ 894ని 2025 ఏప్రిల్‌లో ఒవెచ్కిన్ దాటాడు. 1,963 అసిస్ట్‌ల జోలికి మాత్రం ఎవరూ రాలేదు. గోల్స్ పక్కనపెట్టి అసిస్ట్‌లే లెక్కేసినా మరెవరి మొత్తం పాయింట్లూ అంతకి రావు.

మూడోడౌన్:
ఆయిలర్స్ కోసం రూలే మార్చారని విన్నా, నిజమేనా?

నీలిగీత:
వీళ్ల పేరు రాసి మార్చలేదు గానీ అందరికీ తెలిసిన సంగతే. రెండు టీమ్‌లకీ ఒకేసారి రెండు నిమిషాల పెనాల్టీ (తప్పు చేసినవాడు అంతసేపూ బయట కూర్చోవాలి) పడితే అప్పట్లో గోలీ కాక చెరో నలుగురితో ఆడాలి. ఐస్ మీద జాగా పెరిగితే లాభం వేగంగా ఉన్న టీమ్‌కే. అవతలివాణ్ని కెలికి ఇద్దరూ బయటికి పోయేలా చేస్తే ఆయిలర్స్‌కి పండగ. 1985–86 నుంచి అలాంటప్పుడు బదులు ఆటగాళ్లని దించొచ్చన్నారు, ఐదుగురికి ఐదుగురు అయ్యారు. ఆయిలర్స్ హవా తగ్గాక 1992–93లో పాత రూల్ మళ్లీ తెచ్చారు.

ఉత్తరదిక్కు:
1986లో స్టాన్లీ కప్పు (లీగ్ టైటిల్) పోవడానికి ఈ రూలే కారణమా?

నీలిగీత:
కాదు. 1986 ఏప్రిల్ 30, కాల్గరీతో ఏడో మ్యాచ్. తమ గోల్ వెనక నుంచి స్టీవ్ స్మిత్ అడ్డంగా పాస్ ఇవ్వబోతే పక్ ఫ్యూర్ కాలికి తగిలి సొంత గోల్లోకే పోయింది. 3–2తో కాల్గరీ. గోల్ ముందు నుంచి అడ్డపాస్ వద్దని పిల్లల కోచింగ్‌లో మొదటిరోజే చెప్పేది ఇందుకే. మరుసటేడు కప్ గెలిచాక గ్రెట్స్‌కీ ముందు స్మిత్ చేతికే ఇచ్చాడు.

పాతపేపర్లు:
1988 అమ్మకం తర్వాతి లెక్క కూడా ఎవరైనా రాయండి. ‘గ్రెట్స్‌కీని అమ్మేశాక ఊరు మునిగింది’ అనే మాట నాకు మింగుడుపడదు.

లెక్కలరాయుడు:
1988 ఆగస్టు 9. లాస్ ఏంజెలిస్‌కి గ్రెట్స్‌కీ, మెక్‌సోర్లీ, క్రుషెల్నిస్కీ. ఇటు జిమ్మీ కార్సన్, మార్టిన్ జెలినా, మూడు మొదటి రౌండ్ పిక్‌లు, 1.5 కోట్ల డాలర్లు. కార్సన్ ఏడాది తిరిగాక ఇమడలేక డెట్రాయిట్ వెళ్లాడు. బదులుగా వచ్చినవాళ్లలో ఆడమ్ గ్రేవ్స్, జో మర్ఫీ, పీటర్ క్లీమా. 1990 ఫైనల్ మొదటి మ్యాచ్, బోస్టన్‌లో, మూడో ఓవర్‌టైమ్. ఆ రాత్రి దాదాపు బెంచీకే అతుక్కున్న క్లీమా దిగి గెలుపు గోల్ కొట్టాడు. జెలినా, గ్రేవ్స్, మర్ఫీ కలిసి ‘కుర్రాళ్ల లైన్’ (కలిసి దిగే ముగ్గురు దాడి ఆటగాళ్లు). గోలీ బిల్ రాన్‌ఫర్డ్ ప్లేఆఫ్ ఉత్తముడు. అంటే ఐదో కప్పులో గ్రెట్స్‌కీ అమ్మకం సరుకే సగం. కప్పులు మొత్తం 1984, 85, 87, 88, 90. మునిగింది ఆ తర్వాత. డబ్బు చాలక ఒక్కొక్కరినీ వదులుకుంటూ పోయారు.

చల్లనిచెయ్యి:
ఇక ఐస్ సంగతి. ఇది నాకు వదిలేయండి.

రింక్ (ఐస్ మైదానం) పొడవు 61 మీటర్లు, వెడల్పు 26 మీటర్లు. కింద కాంక్రీట్, అందులో పైపులు, పైపుల్లో చల్లబరిచిన ఉప్పునీరు లేదా గ్లైకాల్. ముందు కాంక్రీట్‌ని మైనస్ 9 దగ్గరికి దించుతారు. సన్నటి తుంపరగా ఒకటి రెండు పొరలు, ఆపైన తెల్లరంగు, అది కదలకుండా ఇంకో తుంపర, గీతలు, లోగోలు, మళ్లీ పొరలు. చివరికి మందం అంగుళం, అంగుళంపావు. అంగుళానికి సుమారు 40,000 లీటర్ల నీళ్లు. ఒకేసారి పోస్తే ఏమవుతుంది? పైన గడ్డకట్టి లోపల గాలి చిక్కుకుంటుంది, రంగు పైకి తేలుతుంది, స్కేట్ పడ్డచోట పెంకులా లేస్తుంది. అందుకే పొర గడ్డకట్టాకే ఇంకో పొర, రోజుల పని.

మ్యాచ్ మధ్యలో జాంబోనీ (ఐస్‌ని నునుపు చేసే బండి) పోసేది వేడినీళ్లు, 60 డిగ్రీల దగ్గర. వేడినీటిలో కరిగిన గాలి తక్కువ. పైగా స్కేట్లు కోసిన గాట్ల అంచుల్ని కొంచెం కరిగించి కొత్త పొర పాతదానికి అతుక్కునేలా చేస్తుంది. చన్నీళ్లు పోస్తే పైపైనే గడ్డకట్టి పొరలుగా ఊడుతుంది. నీటిలో ఖనిజాలు ఎక్కువైతే ఐస్ మెత్తబడుతుంది, అందుకే శుద్ధి చేస్తారు.

పై పొర మైనస్ 5, 6 మధ్య ఉండాలి. ఇంకా చల్లగా ఉంటే పెళుసై చిప్పలు లేస్తాయి. వెచ్చగా ఉంటే పొడి మంచు పోగై పక్ ఎగురుతుంది. పక్‌ని కూడా ఫ్రీజర్‌లో పెట్టి తెస్తారు, లేకపోతే రబ్బరు బంతిలా గెంతుతుంది. ఎడ్మంటన్‌కి ఉన్న వరం పొడిగాలి. గాలిలో తేమ ఎక్కువున్న ఊళ్లలో ఐస్ మీద చెమ్మ దిగి గరుకవుతుంది. ఆయిలర్స్ పాత అరీనా నార్త్‌ల్యాండ్స్ కొలీజియంలో ఐస్ చేసిన డాన్ క్రెయిగ్‌ని 1997లో లీగే తీసుకెళ్లింది.

గుంటూరు_గోలీ:
సాల్ట్‌లేక్ ఒలింపిక్స్‌లో ఐస్ కింద నాణెం పెట్టింది కూడా ఎడ్మంటన్ వాళ్లేనా?

చల్లనిచెయ్యి:
ఔను, ట్రెంట్ ఎవాన్స్. 2002లో అక్కడ ఐస్ చేయడానికి ఎడ్మంటన్ నుంచి వెళ్లినవాళ్లలో ఒకడు. సరిగ్గా మధ్యలో కెనడా డాలర్ నాణెం పెట్టి పైన ఐస్ వేసేశాడు. కెనడా ఆడవాళ్ల, మగవాళ్ల హాకీ టీమ్‌లు రెండూ స్వర్ణం కొట్టాయి. నాణెం ఇప్పుడు టొరంటోలో హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉంది.

పాతపేపర్లు:
మగవాళ్లకి అది 50 ఏళ్ల తర్వాత వచ్చిన స్వర్ణం. అంతకుముందుది 1952 ఓస్లోలో. గెలిచింది ఎవరనుకున్నారు? ఎడ్మంటన్ మెర్క్యురీస్. ఒక కార్ల డీలర్ ఖర్చు పెట్టుకుని పంపిన టీమ్.

మూడోడౌన్:
2003 ఔట్‌డోర్ మ్యాచ్‌లో ఐస్ బాలేదని ఆటగాళ్లు అన్నారుగా?

చల్లనిచెయ్యి:
2003 నవంబర్ 22, కామన్‌వెల్త్ స్టేడియం, 57,167 మంది. లీగ్ సీజన్ మ్యాచ్ ఆరుబయట ఆడటం అదే మొదలు. మాంట్రియల్ 4–3తో గెలిచింది. మైనస్ 18కి అటూఇటూ చలి. జనం అనుకునేదేమంటే చలి ఎక్కువైతే ఐస్ గొప్పగా ఉంటుందని. తిరగేసి ఉంటుంది. ఐస్ మైనస్ 15కి పోతే గాజులా పగులుతుంది. దానిమీద వేడినీళ్లు పోస్తే ఆ తేడాకి నెర్రెలిస్తుంది. అలాంటి చోట పైపుల పని చల్లబరచడం కాదు, ఉష్ణోగ్రత మరీ పడిపోకుండా కాయడం. మాంట్రియల్ గోలీ జోసే థియోడోర్ మాస్క్ మీద ఉన్నిటోపీ పెట్టుకుని ఆడిన ఫోటో అందరూ చూసే ఉంటారు.

బంజారాహిల్స్_షటిల్:
హాకీ తెలియనివాణ్ని. మన వాళ్లకి ఈ ఊరితో ఏ లింకూ లేదా?

లెక్కలరాయుడు:
ఎందుకు లేదు? ఆ స్టేడియం కట్టిందే 1978 కామన్‌వెల్త్ గేమ్స్ కోసం. ప్రకాశ్ పడుకోణె సింగిల్స్ స్వర్ణం అక్కడే. భారత్‌కి ఐదు స్వర్ణాలు: బ్యాడ్మింటన్‌లో ఒకటి, వెయిట్‌లిఫ్టింగ్‌లో కరుణాకరన్‌ది, కుస్తీలో మూడు. ఆ సింగిల్స్ స్వర్ణం 1982లో సయ్యద్ మోదీకి, మళ్లీ 2014 గ్లాస్గోలో మన హైదరాబాద్ పారుపల్లి కశ్యప్‌కి. అదే గేమ్స్‌లో ఎడ్మంటన్ ఈతగాడు గ్రాహమ్ స్మిత్ సొంతూళ్లో ఆరు స్వర్ణాలు పట్టాడు.

రాయీచీపురూ:
కర్లింగ్ (ఐస్ మీద రాయి జార్చి వలయం మధ్యలో ఆపే ఆట) ఒక్కరూ ఎత్తలేదే! ర్యాండీ ఫెర్బీ టీమ్ 2001, 02, 03, 05ల్లో దేశ ఛాంపియన్. ఆ 2005 బ్రయర్ (దేశ ఛాంపియన్‌షిప్ పేరు) ఎడ్మంటన్‌లోనే జరిగింది, చూసినవాళ్లు 2,81,985. అదే ఇప్పటికీ రికార్డు.

వాళ్ల టీమ్ అమరిక వింత. మామూలుగా కెప్టెనే చివరి రెండు రాళ్లు వేస్తాడు. ఫెర్బీ మూడోవాడిగా వేసి, చివరివి డేవిడ్ నెడోహిన్‌కి వదిలేవాడు. వ్యూహం ఒకరిది, చెయ్యి ఇంకొకరిది.

రాయి ఎంత దూరం పోతుందో చెప్పడానికి వాళ్లు వాడిన అంకెల పద్ధతి ఇప్పుడు ప్రపంచమంతా వాడుతోంది. వలయం ముందు ఆగేవి 1, 2, 3. బయటి వలయం ముందంచు 4, అక్కణ్నుంచి లోపలికి 5, 6. నడిమి గీత 7. వెనక 8, 9, 10. రాయి దాదాపు 20 కిలోలు, ముందు చీపురుతో ఇద్దరు. ‘కొంచెం బరువుగా ఉంది’ (విసురు ఎక్కువైందని) అని అరిస్తే అవతలివాడికి ఏమర్థమవుతుంది? ‘ఎనిమిది’ అంటే చాలు, 7 కావాలంటే తుడవడం ఆపేస్తారు. 5 అని వినపడితే గట్టిగా తుడుస్తారు. ఐస్ చదునుగా ఉండదు, వెచ్చని నీటి బొట్లు చల్లి బుడిపెలు కట్టిస్తారు. ఆట సాగేకొద్దీ అవి అరిగి అదే విసురుకి రాయి పోయే దూరం మారుతుంది. అంకె అయితే ఆ మార్పు వెంటనే తెలుస్తుంది.

ఉత్తరదిక్కు:
ఇప్పటివాళ్లు?

మూడోడౌన్:
సాకర్‌లో అల్ఫోన్సో డేవిస్. ఘానాలో శరణార్థి శిబిరంలో లైబీరియా తల్లిదండ్రులకి పుట్టి, ఎడ్మంటన్‌లో పెరిగి, బయర్న్ మ్యూనిక్ దాకా పోయాడు. 2021 నవంబర్‌లో ప్రపంచకప్ క్వాలిఫయర్లు రెండు కెనడా వాళ్లు కావాలనే ఎడ్మంటన్‌కి తెచ్చారు, కోస్టారికా, మెక్సికో చలికి వణకాలని. కోస్టారికా మీద 1–0, మెక్సికో మీద 2–1. మెక్సికో మ్యాచ్‌లో రెండూ సైల్ లారిన్‌వే. గోల్ పడగానే సామ్ అడెకుగ్బే పక్కనున్న మంచుగుట్ట మీదికి దూకాడు.

హాకీలో మెక్‌డేవిడ్: 2015 మొదటి పిక్. 2024 ఫైనల్ ఫ్లోరిడా మీద 0–3 నుంచి 3–3కి తెచ్చి ఏడోది ఓడారు. ఓడినా ప్లేఆఫ్ ఉత్తముడు అతనే. 2025లో మళ్లీ ఫ్లోరిడాయే, ఆరు మ్యాచ్‌ల్లో.

బంజారాహిల్స్_షటిల్:
నవంబర్‌లో ఆ స్టేడియంకి వెళ్లాలంటే ఏం జాగ్రత్తలు?

చల్లనిచెయ్యి:
లోపల ఒంటికి అంటుకునేది ఉన్ని లేదా సింథటిక్, నూలు బనియన్ వద్దు. చెమట పీల్చి తడిగా ఉండిపోతుంది. కాళ్ల చలి కింది కాంక్రీట్ నుంచే, అందుకని ఓ అట్టముక్క పట్టుకెళ్లి పాదాల కింద వేసుకోండి. బూటు బిగువుగా ఉంటే రెండు జతల సాక్సులు దండగ, రక్తం ఆడదు. ఫోన్ లోపలి జేబులో పెట్టండి, బయట బ్యాటరీ హాఫ్‌టైమ్‌కే చచ్చిపోతుంది. కారు వద్దు, ట్రైన్‌లో స్టేడియం స్టేషన్‌లో దిగితే ఎదురుగానే. గ్రెట్స్‌కీ కంచు విగ్రహం మాత్రం అక్కడ కాదు, డౌన్‌టౌన్‌లో రోజర్స్ ప్లేస్ దగ్గర.